రెండు కోట్ల వ్యూస్‌కు ఎంత వస్తుంది?

మా చిన్నాన్న సోంపేట నుంచి ఎప్పుడు వచ్చినా చేతిలో ఏదో ఒక సంచి ఉంటుంది. ఆ రోజు సంచి లేదు, ఫోను మాత్రమే ఉంది. కాశీబుగ్గలో నా ఆఫీసు గదిలో కూర్చోగానే ఒక యూట్యూబ్ ఛానల్ తెరిచి నా ముందు పెట్టారు.

"అమ్మా, చెల్లికి సంబంధం వచ్చింది. అబ్బాయి వీడియోలు చేస్తాడట. రెండు కోట్ల వ్యూస్ ఉన్నాయి చూడు. నెలకు ఎంత వస్తుందో కాస్త లెక్కకట్టి చెప్పు."

సంబంధం తెచ్చిన పెద్దమనిషి అప్పటికే ఒక లెక్క చెప్పి ఉన్నాడు. వెయ్యి వ్యూస్‌కు ఒక డాలరు. రెండు కోట్లకు ఇరవై వేల డాలర్లు. డాలరు 90 రూపాయలనుకుంటే 18 లక్షలు. చిన్నాన్న ముఖంలో సంతోషమూ ఉంది, ఎక్కడో అనుమానమూ ఉంది. 18 లక్షలు వచ్చేవాడు పాత బండి మీద ఎందుకు తిరుగుతున్నాడని ఆయనకు సందేహం.

నేను జీడిపప్పు వ్యాపారుల పద్దులు రాస్తాను. కొన్నేళ్లుగా వీడియోలు చేసుకునే కుర్రాళ్లు, అమ్మాయిలు కూడా రిటర్ను వేయించుకోవడానికి నా దగ్గరికి వస్తున్నారు. కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు. కానీ విన్న ప్రతిసారీ భయం వేస్తుంది. ఈ ఒక్క గుణకారాన్ని నమ్మి ఉద్యోగం మానేసినవారున్నారు, కెమెరా కిస్తీల్లో కొన్నవారున్నారు. ఇప్పుడు పెళ్లిళ్ల దాకా వచ్చింది. అందుకే చిక్కుముడి మొత్తం విప్పి చెప్పాలనిపించింది.

బస్తా చూసి పప్పు చెప్పలేం

పలాసలో జీడిపిక్కలు 80 కిలోల బస్తాల్లో వస్తాయి. బస్తా బరువు చూసి ఎవరూ డబ్బు లెక్కపెట్టుకోరు. గుప్పెడు పిక్కలు తీసి కోసి, లోపల గింజ ఎలా ఉందో చూస్తారు. కాల్చి, కొట్టి, పొట్టు తీశాక చేతికి వచ్చే పప్పు బస్తా బరువులో నాలుగో వంతుకు కాస్త అటూ ఇటూ. ఆ పప్పంతా కూడా ఒకటే ధర పలకదు. ఒక పౌండు బరువుకు 180 గింజలకు మించకుండా తూగే పెద్ద గుండ్లు డబ్ల్యూ 180, 320 దాకా పడితే డబ్ల్యూ 320, విరిగితే బద్ద, ఇంకా చితికితే ముక్క. ఒకే బస్తాలోంచి వచ్చినా దేని ధర దానిదే.

యూట్యూబ్‌లో అందరికీ కనిపించే వ్యూస్ సంఖ్య బస్తా బరువు లాంటిది. డబ్బు పుట్టేది దాని లోపల.

వీడియో చూసినందుకు యూట్యూబ్ ఎవరికీ నేరుగా పైసా ఇవ్వదు. వీడియోతో పాటు కనిపించే ప్రకటనకు ప్రకటనదారు డబ్బు చెల్లిస్తాడు. అందులోంచి వాటా వస్తుంది. ఈ పంపకం 2007లో మొదలైంది. నిడివి ఉన్న మామూలు వీడియోల మీద వచ్చే ప్రకటనల సొమ్ములో 55 శాతం వీడియో చేసినవారిది, 45 శాతం యూట్యూబ్‌ది. మీరు వీడియో నొక్కిన క్షణంలో, అది మొదలయ్యేలోపే, ఒక వేలం జరిగిపోతుంది. వేలంలో ఉన్నది వీడియో కన్నా ముందు మీరు. మీరు ఎక్కడ ఉన్నారు, ఏ ఫోను వాడుతున్నారు, ఈమధ్య ఏం వెతికారు అన్నదాన్ని బట్టి ప్రకటనదారులు పాట పాడతారు. ఇంటి అప్పు గురించి వెతుకుతున్న వ్యక్తి కోసం బ్యాంకు ఎక్కువ పాడుతుంది. కాలక్షేపానికి చూస్తున్న కుర్రాడి కోసం పాడేవారు తక్కువ. ఎవరూ పాడకపోతే ప్రకటనే రాదు. వ్యూ మాత్రం లెక్కలో పడుతుంది.

ఇక్కడే రెండు మాటల మధ్య పెద్ద గందరగోళం ఉంది. సీపీఎం అంటే ప్రకటన వెయ్యిసార్లు కనిపించినందుకు ప్రకటనదారు కట్టేది. ఆర్‌పీఎం అంటే వెయ్యి వ్యూస్‌కు, యూట్యూబ్ వాటా పోగా, వీడియో చేసినవారి చేతికి వచ్చేది. మొదటిది పిక్కల రేటు, రెండోది పప్పు రేటు. జనం నోట ఆడే "వెయ్యికి డాలరు" చాలాసార్లు సీపీఎం. దాన్ని తెచ్చి మొత్తం వ్యూస్‌తో గుణిస్తే లెక్క తప్పక ఏమవుతుంది?

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఒక వీడియోకు పది లక్షల వ్యూస్ వచ్చాయనుకోండి. అందులో ప్రకటన కనిపించినవి నాలుగు లక్షలు. వెయ్యి ప్రకటనలకు ఒక డాలరు చొప్పున వచ్చింది 400 డాలర్లు. అందులో 55 శాతం 220 డాలర్లు. సీపీఎంతో గుణించినవాడు 1,000 డాలర్లని చెబుతాడు, వచ్చింది అందులో ఐదో వంతుకు కొద్దిగా ఎక్కువ. ఆర్‌పీఎం 22 సెంట్లు. అంకెలు నేను అనుకున్నవే అయినా, లెక్క నడిచే తీరు మాత్రం ఇదే.

భారతదేశంలో ఉన్న ప్రేక్షకులే ఎక్కువగా చూసే వినోదపు ఛానళ్లకు ఆర్‌పీఎం డాలరుకు లోపలే ఉండటం మామూలు. బీమా, పెట్టుబడులు, ఉద్యోగ శిక్షణ వంటి విషయాలు చెప్పేవారికి అంతకంటే బాగా వస్తుంది. ఎనిమిది నిమిషాలు దాటిన వీడియోల్లో మధ్యలో కూడా ప్రకటనలు పెట్టుకునే వీలుంది కాబట్టి నిడివి కూడా లెక్కలోకి వస్తుంది. ఇది 2020 జులైకి ముందు పది నిమిషాలు ఉండేది. పిల్లల కోసమని గుర్తించిన వీడియోలకు 2020 జనవరి నుంచి ప్రేక్షకుడి ఆసక్తిని బట్టి చూపే ప్రకటనలు ఆపేశారు, అందుకే కోట్ల వ్యూస్ ఉన్న పిల్లల పాటలకు కూడా రేటు తక్కువ. నెలను బట్టి కూడా మారుతుంది. దసరా, దీపావళి నుంచి డిసెంబరు దాకా ప్రకటనలు వెల్లువలా ఉంటాయి, జనవరిలో ఒక్కసారిగా పడిపోతాయి. వ్యూస్ తగ్గకపోయినా జనవరి సొమ్ము తగ్గిందని కంగారుపడి నాకు ఫోను చేసేవారు ప్రతి ఏడూ ఉంటారు.

కోవా వీడియో, జాతర షార్ట్

మందస వైపు నుంచి ఒకమ్మాయి లెక్కలకు వస్తుంది. వంటల వీడియోలు చేస్తుంది. తన ఫోను కవరు మీద ఎప్పుడూ సెనగపిండి మరక ఉంటుంది. ఒకసారి తన నెల లెక్క తెరిచి, "మేడమ్, ఇది తప్పు చూపిస్తోందేమో చూడండి" అంది. ఆ నెలలో రెండు వీడియోలు బాగా వెళ్లాయి. ఒకటి మందస కోవా తయారీ, పన్నెండు నిమిషాలు, 90 వేల వ్యూస్. రెండోది విజయనగరం పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను (పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను) కదులుతున్నప్పుడు జనంలోంచి తీసిన షార్ట్, అంటే పొట్టి నిలువు వీడియో, 11 లక్షల వ్యూస్. కోవా వీడియోకు 126 డాలర్లు. సిరిమాను షార్ట్‌కు 17 డాలర్లు.

తప్పేమీ లేదు. కోవా వీడియో ఎవరు చూశారో ఆ పక్క పేజీలోనే ఉంది. మూడో వంతుకు పైగా అమెరికా, గల్ఫ్ దేశాలు, సింగపూర్. ఉద్దానం నుంచి, శ్రీకాకుళం పల్లెల నుంచి బతుకుతెరువుకు వెళ్లినవారు ఊరి కోవాను తెరమీద చూసుకుని, చివరిదాకా కూర్చున్నారు. అమెరికాలో ఉన్న ప్రేక్షకుడి కోసం ప్రకటనదారు పాడే వేలం పాట ఇక్కడి పాటకు ఎన్నో రెట్లు. భాష తెలుగే, వంట మందసదే, రేటు మాత్రం చూసే మనిషి ఉన్న చోటిది.

షార్ట్స్ కథ పూర్తిగా వేరు. ఇది అర్థం కాకపోవడం వల్లే ఇన్ని అపోహలు. 2020 జూన్ చివర్లో మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించారు. ఆ సెప్టెంబరులోనే యూట్యూబ్ షార్ట్స్‌ను మొదట భారతదేశంలో ప్రయోగాత్మకంగా తెచ్చింది. మన కుర్రాళ్లు అటునుంచి ఇటు వచ్చి పడ్డారు. అయితే ప్రకటనల సొమ్ములో వాటా మొదలైంది 2023 ఫిబ్రవరి 1న. షార్ట్స్‌లో ప్రకటన ఒక వీడియోకు అంటుకుని ఉండదు, ఒక షార్ట్‌కూ మరో షార్ట్‌కూ మధ్య వస్తుంది. కాబట్టి ఆ సొమ్మునంతా ఒక చోట పోగేస్తారు. అందులోంచి పాటల హక్కుదారులకు వెళ్లాల్సింది తీస్తారు. షార్ట్‌లో ఒక పాట వాడితే ఆ షార్ట్ వ్యూస్‌కు చెందిన సొమ్ములో సగం, రెండు పాటలు వాడితే మూడింట రెండు వంతులు అటు పోతాయి. మిగిలినదాన్ని ఒక్కో దేశంలో వచ్చిన వ్యూస్‌ను బట్టి పంచుతారు. అలా తన పేర పడిన దానిలో 45 శాతం వీడియో చేసినవారికి వస్తుంది. మన దేశపు వ్యూస్‌కు ఇది వెయ్యికి ఒకటి రెండు సెంట్ల దగ్గర తేలడం తరచుగా చూస్తాం.

పైగా 2025 మార్చి 31 నుంచి షార్ట్స్‌లో వ్యూ లెక్కే మారింది. అంతకుముందు కాసేపు చూస్తేనే వ్యూ. ఇప్పుడు వీడియో మొదలైనా, తిరిగి మొదలైనా వ్యూ పడుతుంది. పైకి కనిపించే సంఖ్య పెరిగింది. డబ్బు లెక్క మాత్రం పాత పద్ధతిలోనే, నిజంగా నిలబడి చూసిన వ్యూస్ మీదే జరుగుతోంది. ఆ సంఖ్య ఛానల్ యజమానికి కనిపిస్తుంది, బయటివారికి కనిపించదు. అంటే బస్తా మరింత బరువెక్కింది, లోపలి పప్పు పెరగలేదు.

మామూలు వీడియోల్లోనూ పాటతో మరో ప్రమాదం ఉంది. ఊరేగింపులో మైకులో సినిమా పాట మోగుతుంటే అది మీ వీడియోలో పడుతుంది. హక్కుదారు దాన్ని తనదని చెబితే ఆ వీడియో ప్రకటనల సొమ్ము వాళ్లకు మళ్లవచ్చు. వ్యూస్ మాత్రం మీ పేరు మీదే ఉంటాయి. జాతర వీడియోలు చేసేవారిలో చాలామందికి ఈ దెబ్బ తగిలింది. తీవ్రమైన ప్రమాదాలు, గొడవలు చూపిన వీడియోలకు ప్రకటనలు తగ్గించేస్తారు. ఛానల్ యజమానికి వీడియో పక్కన కనిపించే డాలరు గుర్తు పసుపు రంగులోకి మారితే ఆ వీడియో అంతే.

డబ్బు ఎప్పుడు మొదలవుతుంది, చేతికి ఎంత అందుతుంది

మరో విషయం చాలామంది మరిచిపోతారు. ఛానల్ పెట్టిన రోజు నుంచి డబ్బు రాదు. ప్రకటనల్లో వాటా కావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, దానితో పాటు గడచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ, లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ ఉండాలి. ఆ గీత దాటి అనుమతి వచ్చేదాకా వచ్చిన వ్యూస్‌కు తర్వాత లెక్కకట్టి ఇవ్వడమంటూ ఉండదు. ఛానల్ పేజీ మీద కనిపించే రెండు కోట్లలో ఆ పాత వ్యూస్ కూడా కలిసే ఉంటాయి.

వంటల అమ్మాయికి ఆ గీత దాటాక కూడా డబ్బు చేతికి రావడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. యూట్యూబ్ సొమ్ము జమయ్యే గూగుల్ ఖాతాలో పది డాలర్లు చేరగానే చిరునామా సరిచూడటానికి ఒక పిన్ నంబరు కాగితం మీద, మామూలు పోస్టులో పంపుతారు. వాళ్ల ఊళ్లో ఇంటికి నంబరు లేదు. రామమందిరం పక్క వీధి అని రాసుకుంది. మొదటి కవరు రాలేదు. రెండోసారి పంపించుకుని, పోస్టుమాస్టరు గారికి ముందే చెప్పి ఉంచింది. ఆ చిన్న కాగితాన్ని తను ఇప్పటికీ పాస్‌బుక్కులో దాచుకుంది. తర్వాత ఖాతాలో 100 డాలర్లు నిండితేనే బ్యాంకుకు పంపుతారు. నిండకపోతే వచ్చే నెలకు జమ. ఒక నెల సొమ్ము ఖరారయ్యేది తర్వాతి నెల 7 నుంచి 12 తేదీల మధ్య, బయలుదేరేది 21 నుంచి 26 మధ్య. అంతదాకా తెరమీద కనిపించేది అంచనా మాత్రమే, తప్పుడు క్లిక్కులు వంటివి తీసేశాక తగ్గవచ్చు కూడా.

ఆ తర్వాత కోతలు. 2021 జూన్ నుంచి అమెరికా ప్రేక్షకుల వల్ల వచ్చిన భాగం మీద అక్కడి పన్ను పట్టుకుంటున్నారు. పన్ను ఫారం సరిగ్గా నింపితే మన దేశంతో ఉన్న ఒప్పందం వల్ల ఆ భాగం మీద 15 శాతం. అసలు వివరాలే ఇవ్వకపోతే మొత్తం సంపాదన మీద 24 శాతం దాకా పోవచ్చు. ఫారం నింపడం పావుగంట పని. దాన్ని వాయిదా వేసి నష్టపోయినవారిని చూసినప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది. బ్యాంకు తన మారకపు రేటు, రుసుము తీసుకుంటుంది. ఇక్కడ మన ఆదాయపు పన్ను రిటర్నులో ఇది వ్యాపార ఆదాయం. కెమెరా, ఎడిటింగు, ప్రయాణాల ఖర్చు చూపించుకోవచ్చు. రసీదులు ఉంటేనే సుమా.

ఇదంతా తెలిశాక, అంచనాలు చెప్పే సైట్ల సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. వాటిలో పేరున్న సోషల్ బ్లేడ్ వెయ్యి వ్యూస్‌కు 0.25 డాలరు నుంచి 4 డాలర్ల దాకా అని పట్టుకుని లెక్కకడుతుంది. పది లక్షల వ్యూస్‌కు 250 నుంచి 4,000 డాలర్లు. అంటే డాలరు 90 రూపాయల చొప్పున 22,500 నుంచి 3,60,000. కిందికీ పైకీ 16 రెట్ల తేడా. ఆ సైటు దాచింది ఏమీ లేదు, రెండు అంకెలూ చూపిస్తుంది. చదివేవారే పై అంకెను పట్టుకుని కింది అంకెను వదిలేస్తారు.

మరి బయటినుంచి అసలు అంచనా వేయలేమా? వేయవచ్చు, ఒక్క అంకె కాకుండా ఇంత నుంచి ఇంత అని చెప్పడానికి సిద్ధపడితే. ఆ రోజు చిన్నాన్న ముందే ఆ పని చేశాను. మొదట మొత్తం వ్యూస్ పక్కన పెట్టేశాను. ఎప్పుడో వచ్చినవి నెల జీతం గురించి ఏమీ చెప్పవు. గత ఏడాదిలో పెట్టిన వీడియోలు ఒక్కొక్కటే చూసి, పెద్ద వీడియోలు ఒక వరుసలో, షార్ట్స్ ఒక వరుసలో పెట్టి వ్యూస్ కలిపాను. చిన్నాన్న చదువుతుంటే నేను రాసుకున్నాను. గంటకు పైగా పట్టింది. మధ్యలో టీ రెండుసార్లు వచ్చింది. రెండు కోట్లలో కోటీ అరవై లక్షలు షార్ట్స్ వ్యూసే. గత ఏడాది వీడియోల వరకు తీసుకుంటే పెద్ద వీడియోలకు 18 లక్షలు, షార్ట్స్‌కు 60 లక్షలు.

వీడియోలు ఊళ్ల తిరుగుడు. అరసవల్లి, కళింగపట్నం తీరం, రామతీర్థం, బొబ్బిలి. కామెంట్లు చదివితే చూసేవారిలో ఎక్కువమంది ఇక్కడివారే. కాబట్టి పెద్ద వీడియోలకు వెయ్యికి 30 సెంట్ల నుంచి 80 సెంట్ల దాకా, షార్ట్స్‌కు ఒకటి నుంచి మూడు సెంట్ల దాకా పట్టుకున్నాను. పెద్ద వీడియోల మీద 540 నుంచి 1,440 డాలర్లు, షార్ట్స్ మీద 60 నుంచి 180. మొత్తం ఏడాదికి 600 నుంచి 1,620 డాలర్లు. రూపాయల్లో 54,000 నుంచి 1,45,800. నెలకు నాలుగున్నర వేల నుంచి పన్నెండు వేల దాకా.

చిన్నాన్న కాసేపు ఆ కాగితాన్నే చూస్తూ ఉండిపోయారు. "అయితే సంబంధం వద్దనేద్దామా అమ్మా?" అన్నారు.

వద్దని నేను అనలేదు. ఎందుకంటే నా లెక్కలో లేనిది చాలా ఉంది. ఛానల్ నుంచి వచ్చే డబ్బులో ప్రకటనల వాటా ఒక భాగమే. శ్రీకాకుళంలో కొత్త చీరల దుకాణం తెరిస్తే, విజయనగరం శివార్లలో ఎవరో లేఅవుటు వేస్తే, ముందు పిలిచేది ఇలాంటి కుర్రాళ్లనే. ఆ ప్రమోషన్ సొమ్ము దుకాణం నుంచి నేరుగా వస్తుంది, యూట్యూబ్ లెక్కలో ఎక్కడా కనిపించదు. ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ చేసేవారికైతే యూట్యూబ్ లాంటి ప్రకటనల వాటా లేదు, వారి బతుకంతా దాదాపు ప్రమోషన్ల మీదే. పదివేల మంది నమ్మకంగా చూసే జిల్లా ఛానల్‌కు, పది లక్షల మంది ఊరికే వేలితో తోసేసే ఛానల్ కంటే స్థానిక వ్యాపారి ఎక్కువ ఇస్తాడు. సభ్యత్వాలు, ప్రేక్షకులు ప్రత్యక్ష ప్రసారంలో ఇచ్చే కానుకలు వేరు, వాటిలో 70 శాతం వీడియో చేసినవారికే వస్తుంది. సమీక్ష కోసం ఇచ్చిన ఫోను వంటివి ఉంచేసుకుంటే అదీ ఆదాయమే. ఒకే సంస్థ ఇచ్చిన వాటి విలువ ఏడాదిలో 20,000 రూపాయలు దాటితే పదిశాతం పన్ను మినహాయించాలన్న నియమం 2022 జులై నుంచి ఉంది.

కాబట్టి అబ్బాయిని అడగవలసింది వ్యూస్ ఎన్ని అని కాదని చిన్నాన్నకు చెప్పాను. గత ఏడాది రిటర్ను, నెలాఖరు వారంలో బ్యాంకులో పడిన సొమ్ము, ప్రమోషన్ల ఆదాయం, ఖర్చులు. ఉద్యోగస్తుడైతే జీతం చీటీ అడగమా? ఇదీ అంతే, ఇందులో చిన్నతనం ఏమీ లేదు. ఆయన ఆ నాలుగింటినీ నా లెక్క కాగితం వెనక రాసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నారు.

పదిహేను రోజుల తర్వాత మళ్లీ వచ్చారు. ఈసారి సంచి ఉంది, అందులో పనసకాయ ఉంది. అబ్బాయి స్వయంగా రాసిచ్చిన కాగితం నాకు చూపించారు. ప్రకటనల మీద ఏడాదికి 97 వేలు. నా అంచనా మధ్యలోనే పడింది. ప్రమోషన్ల మీద 2 లక్షల 10 వేలు. నేను బయటినుంచి ఎంత కూడినా కనిపించని సొమ్ము అది. ప్రయాణాలకూ ఎడిటింగుకూ అయిన ఖర్చు దాని కింద వరుసగా వేశాడు. అన్నిటికంటే కింద, ఎవరూ అడగని ఒక వరుస కూడా ఉంది: కెమెరా కిస్తీ, నెలకు 4,200, ఇంకా ఏడు నెలలు.